అరిష్టం ఇచ్చే ముందు అడగవలసిన ప్రశ్న

గురుకులంలో పదమూడు విధాల అగ్నులను గూర్చి చదువుకున్నాను. కాలేయంలోని ఎంజైముల సంగతి మాత్రం ఆలస్యంగా, నా పొరపాటు వల్లనే తెలిసింది. ఆకలి మందగించిన ఒక రోగికి ద్రాక్షారిష్టం ఇచ్చాను. సేవించిన కొద్దిసేపటికే ముఖం ఎర్రగా కందిపోయి, గుండెదడ, వాంతులు! తాగుడు మాన్పించాలని ఆయన భార్య డైసల్ఫిరాం మాత్రలు అన్నంలో కలిపి పెడుతున్నదట. ఆమె చెప్పలేదు; నేను అడగలేదు.

మద్యసారం దేహంలో మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది. దానిని ఎసిటేటుగా మార్చి నిర్వీర్యం చేసేది ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము. ఆ మాత్ర స్తంభింపజేసేది దీనినే. మాత్ర మానినా రెండు వారాల వరకు దాని ప్రభావం ఉండవచ్చును. (జపాను, చైనా, కొరియా దేశీయులలో అనేకులకు పుట్టుకతోనే ఈ ఎంజైము బలహీనం, కొద్దిపాటి మద్యానికే మొగం ఎర్రబారుతుంది.)

ఆసవారిష్టాలు పులియబెట్టిన ఔషధాలు. సాధారణంగా 5 నుండి 10 శాతం మద్యసారం వాటిలో దానంతటదే పుడుతుంది. "మూలికల మందే కదా" అని బీరువాలోని సీసా తీసి ఇంటిల్లిపాదికీ పోయడం నాకు సమ్మతం కాదు. రోగికి తెలియకుండా మాత్రలు కలపడం అంతకంటె ప్రమాదం.

డైసల్ఫిరాం వాడేవారికి ఇప్పుడు నేను చూర్ణమో, అప్పటికప్పుడు కాచిన కషాయమో ఇస్తున్నాను. చేదని సణుగుతారు.