చెవి కూడా పనిముట్టే

భిలాయి ఉక్కు కర్మాగారంలో పట్టా రూపుదిద్దుకొనే మిల్లు మొదలుకొని ఆ పట్టాపై పరుగెత్తే బండి వరకు, చప్పుడు లేని శ్రమ లేదు. ఆరు దశాబ్దాలకు పైగా ఈ నగరం రైల్వేలకు పట్టాలు అందిస్తున్నది. ఉపాధి కోసం వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. ఈ కాలనీలలో సాయంత్రం నలుగురు కూడితే సినిమా ప్రస్తావన రాక మానదు. అయితే అది తారలతో మొదలై తారలతోనే ముగుస్తుంది. తెరపై మాటను మనకు వినిపించిన కార్మికుని పేరు అడిగేవారుండరు. ఈ ఉపేక్షను గురించి రెండు మాటలు చెప్పడం మా కర్తవ్యమని భావిస్తున్నాము.

మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైంది. ఆ స్టూడియో రైలు మార్గానికి చేరువలో ఉండేది. బండ్ల రొద మైకులో పడకుండా చిత్రీకరణను చాలావరకు రాత్రివేళ సాగించారు. శబ్దయంత్రంతో పాటు అమెరికా నుండి విల్‌ఫర్డ్ డెమింగ్ అనే ఇంజనీరు వచ్చాడు. అతనికి రోజుకు 100 రూపాయలు చెల్లించవలసి రావడంతో, నిర్మాత అర్దేషిర్ ఇరానీ తానే పని నేర్చుకొని శబ్దగ్రహణం నిర్వహించాడు. మరుసటి సంవత్సరం ఆ ఇరానీ నిర్మాణంలోనే హెచ్.ఎం.రెడ్డి తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'ను తీశారు.

78 సంవత్సరాల అనంతరం పాత్రలు తారుమారైనవి. 2009 ఫిబ్రవరి 22న బ్రిటిష్ దర్శకుడు డానీ బాయిల్ చిత్రం 'స్లమ్‌డాగ్ మిలియనీర్'కు శబ్దమిశ్రణ విభాగంలో ఆస్కార్ లభించింది. అందుకున్న ముగ్గురిలో ఇద్దరు బ్రిటన్‌వారు. మూడవవారు మన రసూల్ పూకుట్టి. కేరళలో కొల్లం జిల్లా విలక్కుపారలో ఒక పేద కుటుంబంలో పుట్టారాయన. తండ్రి ప్రైవేటు బస్సులలో టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగి. ఒకనాడు రైలు రొదకు వెరచి రాత్రిళ్లు పనిచేసిన కళ, ఇప్పుడు ముంబయి జనసమ్మర్దం నడుమనే నటుల మాటను పట్టుకొనగల స్థాయికి ఎదిగింది. ఆ చిత్రపు ముగింపు నృత్యం తీసినది ఛత్రపతి శివాజీ టెర్మినస్ ప్లాట్‌ఫారం మీదనే.

రసూల్ తన జ్ఞాపకాలను గ్రంథస్థం చేశారు. అవి మలయాళంలోనూ, 2012లో ఆంగ్లంలోనూ వెలువడ్డాయి. ఇటువంటి వారు ఎదురైతే లోకం అడిగేదేమి? బాయిల్ ఎటువంటివాడు? బహుమతి అందించిన విల్ స్మిత్ ఏమన్నాడు? ఇవి తప్పు ప్రశ్నలని మేము అనము. కానీ ఒక కార్మికుడు మరొక కార్మికుని అడగవలసిన ప్రశ్న వేరు: ఆ మరునాటి నుండి నీకు పని దొరికిందా?

దీనికి సమాధానం చేదుగా ఉన్నది. ఆస్కార్ తరువాత హిందీ చిత్రరంగంలో తనకు ఎవరూ పని ఇవ్వలేదనీ, మానసికంగా కుంగిపోయే దశకు చేరాననీ, ప్రాంతీయ చిత్రాలే తనను ఆదుకున్నాయనీ 2020 జూలైలో ఆయనే బహిరంగంగా వెల్లడించారు. తెలుగు చిత్రం 'పుష్ప'కు 2021లో శబ్దరూపకల్పన చేసినది ఆయనే. ప్రపంచం మెచ్చిన నిపుణునికే ఈ గతి పడితే, అతని పక్కన మైకు గడ పట్టుకొని గంటల తరబడి నిలబడిన సహాయకుని గతి ఏమిటో ఊహించండి.

ప్రతిభ ఉన్నవానికి సంఘం ఎందుకని కొందరు వాదిస్తారు. ప్రతిభ బిరుదును తెస్తుంది గాని భద్రతను తేదు. చలనచిత్ర కార్మికుని వ్రాతపూర్వక ఒప్పందం లేకుండా నియమించరాదని 1981లో పార్లమెంటు చట్టం చేసింది. అటువంటి నియమాలు కాగితం దిగి స్టూడియో గడప తొక్కేది సంఘబలంతోనే. 30 శాతం వేతన పెంపు కోరుతూ 2025 ఆగస్టులో తెలుగు చలనచిత్ర కార్మికులు హైదరాబాదులో రెండు వారాలకు పైగా సమ్మె చేసినది ఈ సత్యం ఎరిగియే. ఆ రోజులలో మనలో ఎందరు తమ అభిమాన తార కొత్త చిత్రం వాయిదా పడుతుందనే చింతించారో ఆత్మవిమర్శ చేసుకోవాలి.

ఈ కార్మికులు మనకు పరాయివారు కారు. చక్రాన్ని సుత్తితో తట్టి, మోతలో తేడాను బట్టి పగులును పసిగట్టిన రైల్వే కార్మికుని చెవి ఎటువంటిదో, మోర్స్ టకటకలను అక్షరాలుగా మార్చిన తంతి ఉద్యోగి చెవి ఎటువంటిదో, శబ్దగ్రాహకుని చెవి కూడా అటువంటిదే. మూడూ పనిముట్లే, మూడూ పేరెరుగని శ్రమలే. ప్రయాణికునికి బండి క్షేమంగా చేరిందన్నదే తెలుసు. ప్రేక్షకునికి మాట స్పష్టంగా వినిపించిందన్నదే తెలుసు.

కనుక సోదర ఉద్యోగులారా! తారల కథలు విందాం, ఆనందిద్దాం. కాని శబ్దం పట్టినవారు, దీపాలు మోసినవారు తమ హక్కుల కోసం గొంతెత్తిననాడు వారి మాట కూడా విందాం. మన శాఖల నుండి సంఘీభావ తీర్మానం పంపుదాం. ఇతరుల మాట లోకానికి వినిపించడమే వృత్తిగా గలవారి మాట లోకం చెవిన పడకపోవడం, సంఘటిత కార్మికులమైన మనకు గౌరవం కాదు.