ఉంగరాల లెక్క

అమెరికన్‌ ఫుట్‌బాల్‌లో బంతి విసురుతూ ఆటను నడిపించేవాడు క్వార్టర్‌బ్యాక్‌. వాళ్లలో ఎవరు గొప్పంటే అభిమానులు ముందు లెక్కపెట్టేది ఉంగరాలే. సూపర్‌బౌల్‌ గెలిచిన జట్టుకిచ్చే ఉంగరాలు మరి! టామ్‌ బ్రాడీకి 7, జో మోంటానాకి 4. డాన్‌ మారినోకి... ఒక్కటీ లేదు. 1984 సీజన్‌లో మారినో 48 టచ్‌డౌన్‌ పాసులు వేశాడు. అంతకుముందు రికార్డు 36! ఆ సీజన్‌ ఫైనల్లో మోంటానా జట్టు చేతిలో 38-16తో ఓటమి. 17 సీజన్లు ఆడినా మళ్లీ ఫైనల్‌ మొహం చూడలేదు. అదే ట్రెంట్‌ డిల్ఫర్‌కి 2001 జనవరిలో ఉంగరం దక్కింది... ప్రత్యర్థుల్ని కట్టిపడేసిన బాల్టిమోర్‌ డిఫెన్స్‌ పుణ్యమాని. తర్వాతి సీజన్‌కి జట్టు అతన్ని ఉంచుకోనేలేదు. మారినో కంటే డిల్ఫర్‌ గొప్పంటే బాల్టిమోర్‌లోనూ ఒప్పుకోరు. అయినా బ్రాడీ మాటొచ్చిందా, మళ్లీ వేళ్లు మడవడం మొదలు!