‘మావాడు ఏమీ చేయడండీ’ అంటే సరిపోదు

బేగంపేట, అమీర్‌పేట, పంజగుట్ట సందుల్లో తెల్లవారుజామున నడిచే వారందరికీ ఒక మాట పరిచయమే. ఎదురుగా గొలుసు లేకుండా పెద్ద కుక్క వస్తుంది. మనం భయపడి ఆగిపోతాం. వెనుక నుంచి యజమాని నవ్వుతూ, “భయపడకండి, మావాడు ఏమీ చేయడు” అంటారు. ఆ మాట వారు నమ్మే చెబుతారు. అయినా అది చాలదని నా అభిప్రాయం. కుక్క మంచిదే కావచ్చు, కానీ ఎదుటి మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

2023 జనవరిలో మన పక్కనే బంజారాహిల్స్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. భోజనం పార్సిల్ ఇవ్వడానికి ఒక అపార్ట్‌మెంట్‌కు వెళ్ళిన 23 ఏళ్ళ యువకుడి మీదికి ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ కుక్క వచ్చింది. అతను భయంతో పరుగెత్తి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. పంజగుట్ట నిమ్స్‌లో చికిత్స పొందుతూ మరణించాడు. తలుపు తీసే ముందు కుక్కను కట్టేసి ఉంటే ఆ తల్లికి కొడుకు మిగిలేవాడు.

ఆసుపత్రికి వచ్చేవి కుక్కకాట్లు మాత్రమే కాదు. కుక్క మీదికి వచ్చిందని వెనక్కి అడుగు వేసి పడిపోయిన పెద్దవారు వస్తారు. బండి అదుపు తప్పినవారు వస్తారు. గొలుసును చేతికి చుట్టుకుని, కుక్క ఒక్కసారిగా లాగితే మణికట్టు విరిగిన యజమానులూ వస్తారు. వృద్ధాప్యంలో తుంటి ఎముక విరిగితే మళ్ళీ మునుపటిలా నడవడం ఎంత కష్టమో ఆ కుటుంబాలను అడగండి.

“ఎప్పుడూ కట్టేస్తే పాపం కదా” అని కొందరు అంటారు. బస్సులు, ఆటోలు, వీధి కుక్కల మధ్య గొలుసు దానికీ రక్షణే. స్వేచ్ఛగా పరుగెత్తాలంటే చుట్టూ కంచె ఉన్న చోటు చూడండి. నగరపాలక సంస్థ 2018లో కొండాపూర్‌లో కుక్కల కోసమే ఒక పార్కు తెరిచింది.

గొలుసుతో నడవడం నేర్పడానికి ఓపిక చాలు. ముందు ఇంట్లోనే బెల్టు, గొలుసు అలవాటు చేయండి. తరువాత మేడ మీద, ఆ తరువాతే వీధిలోకి. కుక్క లాగితే మీరు ఆగిపోండి. గొలుసు వదులైతేనే మళ్ళీ అడుగు వేయండి. చక్కగా నడిచినప్పుడు మెచ్చుకుని చిన్న ముక్క ఏదైనా పెట్టండి. కొట్టవద్దు, మెడ పట్టి ఈడ్వవద్దు. నాలుగైదు అడుగుల గొలుసు చాలు. ఎవరైనా ఎదురైతే దాన్ని ఇంకా దగ్గరగా పట్టుకుని పక్కకు తప్పుకోండి. లిఫ్టులో ఎవరైనా ఉంటే తరువాతి దాకా ఆగండి. పెద్ద కుక్క గొలుసును పిల్లల చేతికి ఇవ్వకండి. అది మలవిసర్జన చేస్తే కాగితంతోనో కవరుతోనో మీరే తీయండి. ఆ వీధి ఊడ్చే తల్లి కూడా మనలాంటి మనిషే.

కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించండి. పెంపుడు కుక్క కరిచినా, గీరినా గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. వెంటనే డాక్టరును కలవండి. చెప్పిన తేదీల్లో సూదులన్నీ పూర్తి చేయండి. రేబిస్ లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బ్రతకరు.

చట్టం కూడా ఉంది. తన జంతువు వల్ల మనుషులకు హాని కలగకుండా జాగ్రత్తపడని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, లేదా రూ. 5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కానీ పోలీసుల దాకా పోయేలోపే ఒకరికి ఎముక విరిగి ఉంటుంది.

కాబట్టి కుక్కను పెంచే కుటుంబాలకు నా మనవి ఒక్కటే. మీ కుక్కను మీరు నమ్మండి, ప్రేమించండి. గేటు దాటే ముందు మాత్రం గొలుసు వేయండి.