చెడ్డ సావాసం అంటే ఎవరితో?

మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. చిన్నప్పట్నుంచీ సెలవులిస్తే మా ఇంట్లోనే ఉండేవాడు. ఈ వేసవికి రాలేదు. ఫోన్ చేసి గట్టిగా అడిగితే చెప్పాడు: "యూత్ మీటింగులో పాస్టరుగారు అవిశ్వాసులతో సావాసం వద్దన్నారు మామయ్యా. చెడిపోతామని బైబిల్లోనే ఉందట."

నాకు తాగుడు లేదు, పేకాట లేదు, ఎవరికీ అప్పు ఎగ్గొట్టలేదు. నేను చేసే తప్పల్లా ప్రశ్నలు అడగడం.

క్రైస్తవ కుటుంబంలో పుట్టి సండే స్కూల్లో పెరిగినవాణ్ణి కాబట్టి ఆ వాక్యం ఎక్కడుందో నాకూ తెలుసు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, 15వ అధ్యాయం, 33వ వచనం. అక్కడ చర్చ తాగుబోతుల గురించి కాదు. చనిపోయినవాళ్ళు మళ్ళీ లేవరు అని సంఘంలోనే కొందరు అంటుంటే, వాళ్ళకి జవాబు చెబుతూ రాసిన మాట అది. అంటే అక్కడ చెడ్డ సావాసం సందేహించేవాళ్ళతో సావాసమే!

ఇంకో తమాషా. ఆ మాట పౌలు సొంతం కాదు. గ్రీకు నాటకకర్త మెనాండర్ రాసిన 'థాయిస్' అనే హాస్య నాటకంలోదని పండితులు ఎక్కువమంది చెబుతారు. నాలుగో శతాబ్దం చివర్లో జెరోమ్ కూడా అది మెనాండర్‌దేనని రాశాడు. థాయిస్ అంటే ఒక వేశ్య పేరు. మెనాండర్ క్రీస్తుకి సుమారు 300 ఏళ్ళ ముందువాడు. అన్యులతో కలవొద్దని చెప్పడానికి వీళ్ళు వాడే వాక్యాన్ని పౌలు ఒక అన్యుడి దగ్గరే తెచ్చుకున్నాడన్నమాట.

అదే పత్రిక 5వ అధ్యాయం చూడండి. దూరం పెట్టమన్నది బయటివాళ్ళని కాదు, అలాగైతే లోకం వదిలి పోవాల్సిందే అని పౌలే వివరణ ఇచ్చుకున్నాడు. దూరం పెట్టాల్సింది సహోదరుడని చెప్పుకుంటూ వ్యభిచారం, దురాశ, తాగుడు, దోపిడీ సాగించేవాణ్ణి. ఈ భాగం మీద యూత్ మీటింగులో ప్రసంగం విన్నవాళ్ళెవరైనా ఉన్నారా?

రెండో పత్రికలో అవిశ్వాసులతో జోడు కట్టవద్దని ఉంది కదా అంటారు. ఉంది. మొదటి పత్రిక 7వ అధ్యాయంలో, కలిసి ఉండటానికి ఇష్టపడే అవిశ్వాసి భార్యనో భర్తనో విడిచిపెట్టొద్దనీ ఉంది. ఏ వాక్యం ఎత్తుకోవాలో పాస్టరే ఎంచుకుంటున్నాడు. ఇక ఏసు సంగతి సరేసరి. సుంకరులతో, పాపులతో కూర్చుని భోంచేస్తున్నాడని పరిసయ్యులు ఆయన్నే తప్పుపట్టారు.

చెడు సావాసాలు లేవని నేననను. బెట్టింగులకి, డ్రగ్సుకి అలవాటుపడ్డ స్నేహితులు కుర్రాళ్ళని నిజంగానే పాడుచేస్తారు. కానీ మనిషిని కొలవాల్సింది నడవడితో, నమ్మకంతో కాదు. భక్తులని చెప్పి బంధువుల గడప తొక్కని హేతువాదులూ మనలో ఉన్నారు. వాళ్ళకీ ఇదే చెబుతాను.

కుర్రాణ్ణి ప్రశ్నించేవాళ్ళకి దూరం చేస్తే వాడికి మంచి నడవడి రాదు, చెప్పింది వినడం అలవాటవుతుంది. అది సంఘానికి లాభం, వాడికి నష్టం.

మా వాణ్ణి చర్చి మానేయమని నేను అనలేదు. 5వ అధ్యాయం, 15వ అధ్యాయం మొత్తం సొంతంగా చదువుకోమన్నాను. చదివాక నన్ను తిట్టాలనిపించినా సరే, భోజనానికి వచ్చి తిట్టమన్నాను.