పొలిమేర దాటిన పట్టాలు

వీధిలో మేడమీది రెండు గదులకు ఎక్కడో పరాయి రాష్ట్రపు విశ్వవిద్యాలయం బోర్డు వేలాడుతూ ఉంటుంది. అబ్బాయిని చేర్పిద్దామా అనుకునే తండ్రి ముందుగా ఫీజెంత అని అడుగుతాడు. అడగవలసింది అది కాదు. ఆ విశ్వవిద్యాలయానికి మన ఊళ్లో కాలు పెట్టే అధికారం ఉన్నదా అని.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2002లో ఒక చట్టం చేసింది. దాని చలవవల్ల కొద్దికాలంలోనే 112 ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వెలిశాయి. గెజెట్‌లో ప్రకటన ఉన్నది గాని చాలావాటికి భవనమూ లేదు, ఆవరణా లేదు. (పెళ్లికొడుకు లేకుండానే శుభలేఖలు అచ్చు వేసినట్టు!) పైగా రాష్ట్రం వెలుపల కూడా కేంద్రాలు పెట్టుకోవచ్చునట. ఆచార్య యశ్‌పాల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2005 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది: ఒక రాష్ట్ర శాసనం దాని పొలిమేర వరకే. ఆ విశ్వవిద్యాలయాలు రద్దయినాయి.

మరి డబ్బు కట్టిన పిల్లలో? ఆ సంస్థలను ఆ రాష్ట్రంలోనే ఉన్న పాత విశ్వవిద్యాలయాలకు అనుబంధించే మార్గం చూడమని కోర్టే చెప్పవలసివచ్చింది.

బోర్డుమీద "యు.జి.సి. గుర్తింపు కలదు" అని ఉన్నదా? ఆ గుర్తింపు విశ్వవిద్యాలయానికా, ఈ రెండు గదులకా? దూరవిద్య అయితే ఆ కోర్సుకు ఈ సంవత్సరం అనుమతి ఉన్నదా? యు.జి.సి. వారి జాబితా ఇంట్లో కూర్చునే చూడవచ్చు. సెల్‌ఫోను ఎలాగూ అబ్బాయి చేతిలోనే ఉంటుంది.