శిష్యుని మార్కు - రోగి చేయి

అన్నం ఉడికినదో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని పెద్దల మాట. పరీక్షలు పెట్టే మావంటి వారికి ఈ సామెత ఎంతో ఇష్టం. మూడు గంటల పరీక్షయే ఆ ఒక్క మెతుకనీ, దానితో ఏడాది చదువంతా తేలిపోతుందనీ మా నమ్మకం. కాని ఈ సామెతలో మేము చాలాకాలం గమనించని సంగతి ఒకటి ఉన్నది. వంట తెలిసిన ఇల్లాలు మెతుకు పట్టి చూసేది కుండ పొయ్యి మీద ఉండగానే. విస్తట్లో వడ్డించిన తరువాత పట్టి చూసి, అన్నం పలుకుగా ఉన్నదని చెప్పినందువలన తినేవారికి ఒరిగేది ఏమీ లేదు.

ఈ ఆలోచన మాకు కలిగించినది మా పూర్వ విద్యార్థిని ఒకరు. మన కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి, ఒక నగరంలో ఆక్యుపేషనల్ థెరపీ చదువుతున్న ఆ అమ్మాయి రంజాను సెలవులకు తణుకు వచ్చి మమ్మల్ని చూడవచ్చింది. మాటల మధ్య ఇలా అన్నది: "సార్, పోస్టింగులో మా మేడం ఆరు వారాలు నన్ను ఏమీ అనలేదు. చివరి రోజున మాత్రం, రోగులతో మాట్లాడడం చేతకాదని ఫారం మీద వ్రాసి మార్కులు తగ్గించారు. రెండవ వారంలోనే చెప్పి ఉంటే నేర్చుకొనేదాన్ని కదా సార్?" ఆ ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. అట్టి తప్పు మేమూ చేసిన వారమే.

ఈ విద్యను గురించి రెండు మాటలు చెప్పి ముందుకు సాగడం ఉచితం. ఆక్యుపేషన్ అనగానే ఉద్యోగమని తలచి, ఇదేదో నౌకరీలు ఇప్పించే శాఖ కాబోలునని భ్రమపడేవారు మనలో ఉన్నారు. ఇక్కడ ఆ మాటకు అర్థం మనిషి దినచర్యలో తన చేతులతో చేసుకొనే సమస్త కార్యం. అన్నం కలుపుకొని తినడం, చొక్కాకు గుండీలు పెట్టుకొనడం, పీట మీది నుండి లేవడం, బిడ్డను ఎత్తుకొనడం, నమాజుకు ముందు వజూ చేసుకొనడం, పూజకు పూలు కోసుకొనడం - ఇవన్నీ ఇందులోనివే. పక్షవాతం వలన గాని, ప్రమాదం వలన గాని, పుట్టుకతో వచ్చిన లోపం వలన గాని ఈ పనులకు దూరమైన వారిని, ఆ పనుల ద్వారానే మరల స్వశక్తికి తీసుకొని వచ్చే విద్య ఇది. ఫిజియోథెరపీ కండరానికి బలాన్నీ, కీలుకు కదలికనూ తేవడం మీద దృష్టి నిలుపుతుంది. ఆక్యుపేషనల్ థెరపీ ఆ కదలికతో ఈ మనిషి ఇంటికి వెళ్లి ఏ పని చేసుకొనగలడు అని అడుగుతుంది.

అమెరికాలో 1917లో ఒక సంఘంగా రూపు దిద్దుకొన్న ఈ విద్యను మన దేశంలో నాటిన వారు కమలా నింబ్కర్. అమెరికాలో జన్మించి, భారతీయుని వివాహమాడి ఇక్కడే స్థిరపడిన ఆ మహిళ 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో మొదటి శిక్షణాలయాన్ని నెలకొల్పారు. 1952లో అఖిల భారత సంఘం వెలసింది. అదే ఏట ఏర్పడిన ప్రపంచ సమాఖ్యకు భారతదేశం వ్యవస్థాపక సభ్యులలో ఒకటి. తెలుగువారు రైలెక్కి చికిత్సకు వెళ్లే వేలూరులో, క్రైస్తవ వైద్య కళాశాలలో, పునరావాస చికిత్సకు పాదు తీసినవారు డాక్టర్ మేరీ వర్గీస్. 1954లో కారు ప్రమాదంలో నడుము క్రింది భాగం చచ్చుబడగా, ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. 2021లో పార్లమెంటు చేసిన ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టంలో ఆక్యుపేషనల్ థెరపీకి స్థానం లభించింది. డాక్టరు సీటు రాలేదని దిగులుపడే మన బై.పి.సి. విద్యార్థులు ఇటువైపు కూడ చూడవలసిన కాలం వచ్చినది.

ఇది నాలుగు గోడల మధ్య పూర్తయ్యే చదువు కాదు. విద్యార్థి కనీసం 1000 గంటలు పర్యవేక్షణలో నిజమైన రోగులతో పనిచేయవలెనని ప్రపంచ సమాఖ్య కనీస ప్రమాణంగా నిర్ణయించింది. ఈ ఆసుపత్రి శిక్షణనే మన విద్యార్థులు పోస్టింగు అంటారు. ఆ గంటలలో విద్యార్థిని కనిపెట్టి ఉండేవారు సూపర్‌వైజరు. ఆయన పని కత్తిమీద సాము వంటిది. ఆయనే గురువు, ఆయనే న్యాయాధిపతి. వీరిరువురి నడుమ మంచం మీద మూడవ మనిషి ఒకరున్నారు. ఆ మనిషికి మార్కులు వేసే అధికారం లేదు. ఫలితం అనుభవించే వంతు మాత్రం ఉన్నది.

అట్టి మంచం మీద కొన్నేళ్ల క్రితం మా నానీగారు ఉన్నారు. కుడి వైపు పక్షవాతం. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. ఆమెకు వంతులవారీగా ఇద్దరు విద్యార్థులు చికిత్స చేయించేవారు. మొదటి అబ్బాయి చురుకైనవాడు. రోజూ ఒక చెక్కపలక తెచ్చి, దాని రంధ్రాలలో మేకులు గుచ్చి తీయమనేవాడు. కుడిచేయి స్వాధీనమయ్యే వరకు ఎడమచేతితో భోజనం చేయడం అలవాటు చేసుకొమ్మని ఒకనాడు సలహా చెప్పాడు. పుస్తకం ప్రకారం అది తప్పు కాకపోవచ్చును. కాని డెబ్బై ఏళ్లుగా ఎడమచేతిని అన్నానికి తగలనీయని ముసలామె ఆ పూట పళ్లెమే ముట్టలేదు. ఎందుకు తినలేదని అతడు అడగనూ లేదు.

రెండవ అమ్మాయి తెలుగు పిల్ల. వచ్చిన మొదటి రోజే కుర్చీ దగ్గరకు జరుపుకొని కూర్చొని, "అమ్మమ్మగారూ, ఇంటి దగ్గర తెల్లవారి లేవగానే మొట్టమొదట ఏ పని చేస్తారు?" అని అడిగింది. మా నానీగారికి కళ్లనీళ్లు తిరిగాయి. సగం ఉర్దూ, సగం గోదావరి తెలుగులో ఆమె చెప్పిన సంగతి ఒక్కటే: ఫజరు నమాజుకు తన చేతులతో తాను వజూ చేసుకొని నెల రోజులైనదట. మరునాడు ఆ అమ్మాయి ఒక కొమ్ముచెంబు సంపాదించి తెచ్చింది. మొదట ఖాళీ చెంబు, పిమ్మట పావు వంతు నీళ్లు. ఎడమచేయి చెంబును ఎత్తేది; కుడిచేయి అడుగున ఆనిక పట్టేది. మేకుల పలక దగ్గర పది నిమిషాలకే అలసిపోయే చేయి, చెంబు దగ్గర అరగంట అలుపు ఎరుగలేదు.

చివరికి మూల్యాంకనం జరిగే రోజు వచ్చినది. సూపర్‌వైజరుగారు మంచం ప్రక్కన నిలబడి, రోగి వింటూ ఉండగానే, ఇద్దరినీ ఇంగ్లీషులో ప్రశ్నలడిగారు. అబ్బాయి గడగడ చెప్పాడు. అతని కేస్‌షీటు ముత్యాలకోవలా ఉన్నది. అమ్మాయి తడబడింది. అతనికి మెప్పు, ఆమెకు ఇంగ్లీషు దిద్దుకొమ్మని మందలింపు లభించాయి. కొమ్ముచెంబు ప్రసక్తి ఎవరూ తేలేదు. అంతకు వారం ముందు ఆ అబ్బాయి చక్రాలకుర్చీకి బ్రేకు వేయకుండానే మా నానీగారిని లేపబోగా కుర్చీ వెనుకకు జారినది; మేము పట్టుకొనబట్టి ఆమె పడలేదు. సూపర్‌వైజరుగారు దానిని చూశారు. అతనిని ఏమీ అనలేదు. మాతో మాత్రం, "చిన్నపిల్లవాడు, నేర్చుకుంటాడు లెండి" అన్నారు.

ఆయన చెడ్డవారు కారు. చాలా దయగలవారు. మా విచారమంతా ఆ దయను గురించినదే.

మూల్యాంకనంలో మొదటి లోపం, తూచవలసినదానిని వదలి తూచడానికి సులభమైనదానిని తూచడం. కేస్‌షీటు చేతికి దొరుకుతుంది, దానికి మార్కు వేయవచ్చు. రోగి మాట విన్న చెవికి మార్కు వేయడం కష్టం. కాని మనిషి చేసుకొనే పనే మందు అయిన ఈ విద్యలో, ఆ మనిషి ఏ పని చేసుకొని బ్రతికేవాడో తెలియక చేసే చికిత్స గురి లేని బాణం. గోదావరి జిల్లా రైతు నేల మీద కూర్చొని, చేతితో అన్నం కలుపుకొని, కాలువ గట్టున కాళ్లు కడుగుకొనేవాడు. అతనికి చెంచా పట్టడం నేర్పి ఇంటికి పంపితే, ఫారం మీద చికిత్స ఫలించినట్లే. ఇంట్లో మాత్రం భార్య ముద్దలు పెట్టవలసినదే. రోగి భాషలో రోగిని అడిగి తెలుసుకొనడం అదనపు గుణం కాదు, మూలగుణం. ఉర్దూ, తెలుగు రెండూ ఇంటి భాషలుగా పెరిగిన మన విద్యార్థులకు ఈ విషయంలో పుట్టింటి సొత్తు ఉన్నది. దానిని గుర్తించి మార్కు వేసే సూపర్‌వైజరులు కావలె.

రెండవ లోపం జాలి మార్కు. ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. 2003లో స్కాట్లండులో కాథ్లీన్ డఫీ అనే పరిశోధకురాలు నర్సింగు విద్యార్థుల క్షేత్రశిక్షణను పరిశీలించి, పర్యవేక్షకులు సందేహం ఉన్నప్పటికీ విద్యార్థులను ఉత్తీర్ణులను చేస్తున్నారని వెల్లడించారు. లోపాన్ని మొదట్లో చెప్పకపోవడం, చివరకు వచ్చేసరికి చెప్పే అవకాశం జారిపోవడం అందుకు ముఖ్యకారణాలలో ఒకటి. అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీ సంఘం వారి మూల్యాంకన పత్రంలో ఒక మంచి కట్టుబాటు ఉన్నది. నీతి, రోగి భద్రత అన్న అంశాలలో నెగ్గని విద్యార్థి, తక్కిన వాటిలో ఎన్ని మార్కులు తెచ్చుకొన్నా నెగ్గినట్లు కాదు. బ్రేకు వేయని చేతికి ముత్యాల వంటి అక్షరాలు పూచీ పడలేవు గదా!

అదే పత్రాన్ని శిక్షణ నడుమ ఒకసారి, ముగింపున మరొకసారి పూరిస్తారు. మా దృష్టిలో అన్నిటికంటె విలువైనది ఆ నడిమి పర్యాయమే. కుండ పొయ్యి మీద ఉండగా మెతుకు పట్టడం అంటే అదే. ఆ రోజున సూపర్‌వైజరు విద్యార్థిని ఒంటరిగా కూర్చుండబెట్టుకొని, ఏది బాగున్నదో, ఏది ప్రమాదకరమో, మిగిలిన వారాలలో ఏమి మారవలెనో స్పష్టంగా చెప్పి, కాగితం మీద పెట్టి, ఇద్దరూ సంతకాలు చేయవలె. 'ఇంకా కష్టపడు' వంటి మాటలు పనికిరావు. 'రోగిని లేపే ముందు రెండు బ్రేకులూ చేతితో తాకి చూడు' అనడం పనికివస్తుంది. రోగి ఎదుట మందలించడం మాత్రం కూడదు. విద్యార్థి సిగ్గుపడతాడు, రోగి భయపడతాడు.

దీనికి ఎదురయ్యే ఆక్షేపణలు మాకు తెలియనివి కావు. సూపర్‌వైజరుకు తన రోగులతోనే తలమునకలు. విద్యార్థుల కోసం వేరే వేళ ఎవరూ ఇవ్వరు. అది నిజం. ఆ వేళను ఆయన ఉద్యోగంలో భాగంగా లెక్కకట్టి ఇవ్వడం కళాశాలల బాధ్యత, ఆసుపత్రుల బాధ్యత. ఇక రెండవది మరింత బరువైనది. తల్లి కువైట్‌లో ఒకరి ఇంట పనిచేసి పంపిన రూపాయలతో చదువుకొనే పిల్లను ఫెయిలు చేస్తే, ఆ ఇంటికి ఆరు నెలల ఆలస్యం ఆరు నెలలతో పోదు. అటువంటి పిల్ల మొగం చూచి చేయి వణకని గురువు ఉండడు, ఉండకూడదు. కాని ఆ వణకును నడిమి రోజులలోనే మాటగా మార్చి ఉంటే చివరి రోజున ఫెయిలు చేయవలసిన అగత్యం చాలా వరకు తప్పుతుంది. హెచ్చరించకుండా ఫెయిలు చేయడం విద్యార్థికి అన్యాయం. హెచ్చరించి, అవకాశమిచ్చి, అప్పటికీ చేతకాని వానిని నెగ్గించడం రోగికి అన్యాయం.

ఇంతవరకు ఇతరుల తప్పులు ఎంచిన మేము మా సంగతి దాచుకొనడం ధర్మం కాదు. కొన్నేళ్ల క్రితం ఒక బీద విద్యార్థికి మేము అయిదు మార్కులు కలిపి తెలుగులో గట్టెక్కించాము. ఎంతో పుణ్యం చేశామనుకొన్నాము. రెండేళ్ల తరువాత అతడు ఒక దరఖాస్తు చేతబట్టుకొని మా ఇంటికి వచ్చి, వ్రాసిపెట్టమని తలవంచుకొని నిలబడ్డాడు. మా జాలి అతనికి అన్నం పెట్టలేదు. మా విషయంలో నష్టపోయినది ఆ విద్యార్థి ఒక్కడే. ఆసుపత్రిలో అయితే మార్కులు కలిపిన వేళ గదిలో లేని మనిషి, ఎక్కడో రేపు మంచం పట్టబోయే మనిషి నష్టపోతాడు.

మన పెద్దలు అమానతు అని ఒక మాట వాడతారు. పరుల సొత్తు మన దగ్గర దాచినప్పుడు దానిని చెడకుండా తిరిగి అప్పగించడం ఆ మాటలోని ధర్మం. మార్కు గురువు సొంత ఆస్తి కాదు, దానం చేయడానికి. అది రోగి మన దగ్గర దాచిన అమానతు.

ఆ అమ్మాయితో ఆ సాయంత్రం ఇంతే చెప్పగలిగాము: "అమ్మా, ఇకమీదట రెండవ వారం దాటగానే నీవే వెళ్లి, నాలో లోపమేమిటో చెప్పండి అని అడుగు. అడిగిన వారికి చెప్పనివారు అరుదు." ఆమె తిరిగి వెళ్లిన తరువాత మేము మా తరగతి హాజరుపట్టీ తీసి, వెనుకబడిన వారి పేర్లకు ఎదురుగా, ఎవరికి ఏది చెప్పవలెనో వ్రాసుకొన్నాము. అర్ధసంవత్సర పరీక్షలు ఇంకా నెల రోజులున్నాయి. మరునాటి నుండి ఒక్కొక్కరినే పిలిచి చెప్పడం ఆరంభించాము.