మన మాట: 13 మిల్లీమీటర్ల బిళ్ళ



పోయిన సంచికలో జాన, మూర, బార నేర్చుకున్నాం. మీలో కొందరు ఇంట్లో బల్లని జానలతో కొలిచి నాకు రాశారు. ఒకే బల్ల తాతకి ఏడు జానలు వచ్చింది, మనవరాలికి పది వచ్చింది. అలాగే రావాలి. ఈ నెల కూడా కొలత గురించే చెప్తాను. అయితే ఈసారి కొలిచేది బల్లని కాదు, మా పెద్దమ్మ మెడలో ఉన్న బిళ్ళని. పత్రికలో రాయవచ్చా అని ఆమెనే అడిగాను. "నా పేరు వెయ్యకు, వయసు అసలే వెయ్యకు" అంది. సరే అన్నాను.

ముందు మాటలు చూద్దాం. బిళ్ళ అంటే మీకు మందుబిళ్ళ తెలుసు. మెడలోనో, చంకలోనో, గజ్జల్లోనో చిన్న ఉబ్బు వస్తే మన పెద్దవాళ్ళు దాన్ని కూడా "బిళ్ళ కట్టింది" అంటారు. డాక్టర్లు అక్కడ ఉన్నదాన్ని లింఫ్ గ్రంథి అంటారు. గడ్డ అంటే ఒంట్లో వచ్చే ఏ ముద్దయినా కావచ్చు. కణితి అంటే క్యాన్సర్ లాంటి పెరుగుదల. ఈ కణితి అనే మాట నేను గుడి క్లాసులో నేర్చుకోలేదు. పోయిన చలికాలంలో నిఘంటువు తిరగేసి నేర్చుకున్నాను.

పెద్దమ్మకి చాలా ఏళ్ళ కిందట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేశారు, మందులు ఇచ్చారు, బాగయింది. పోయిన సంవత్సరం జూన్‌లో మళ్ళీ వచ్చింది. మెడలో బిళ్ళ కట్టింది, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. ఒక కొత్త మందు మీద ట్రయల్ జరుగుతోందని, పేరు ఇచ్చి చూడవచ్చని డాక్టరు గారు చెప్పారు. స్కాన్ తీశారు. వారం తరువాత ట్రయల్ నర్సు ఫోన్ చేసింది. అర్హత లేదట. అర్హత అంటే తగి ఉండడం. పరీక్ష రాయడానికి, ఓటు వెయ్యడానికి అర్హత కావాలి. ట్రయల్‌లో చేరడానికి కూడా కావాలి.

పెద్దమ్మకి ఇంగ్లీషు బాగా వచ్చు. డర్బన్‌లో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసింది. జూలూ కూడా మాట్లాడుతుంది. కానీ జబ్బు మాటలు మాత్రం తెలుగులో చెప్పమంటుంది. "అదేమంది? మన మాటలో చెప్పు" అంది. నేను తొందరలో, "నీది లెక్కలోకి రాదట పెద్దమ్మా" అన్నాను.

ఆమె ఇంకేమీ అడగలేదు. టీవీ పెట్టుకుంది.

తెలుగు ఇంట్లో పుట్టిన వాళ్ళకి నేను చేసిన తప్పు వెంటనే తెలుస్తుంది. "వాడు లెక్కలోకి రాడు" అంటే వాడు అక్కరలేని మనిషి అని అర్థం. నాకు గుడి క్లాసులో లెక్క అంటే కూడిక, తీసివేత అని నేర్పారు. రెండో అర్థం నాకు తెలుసు, కానీ ఆ నిమిషంలో గుర్తు రాలేదు. నర్సు అన్నది వేరు. జబ్బు ఉంది, కానీ ఈ ట్రయల్ నియమాల ప్రకారం దాన్ని కొలవడానికి వీలు కాదు అంది. నేను ఆ మాటలే చెప్పి ఉండవలసింది.

ఆ సాయంత్రం అన్నయ్య, అంటే పెద్దమ్మ కొడుకు, రిపోర్టు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అందులో బిళ్ళ కొలత 22, 13 అని రెండు అంకెలు ఉన్నాయి. ట్రయల్ కాగితంలో గ్రంథి 15 మిల్లీమీటర్లు ఉండాలని ఉంది. "22 పెద్దదా, 15 పెద్దదా? నువ్వు టీచరువి, చెప్పు" అన్నాడు. "22 పెద్దది" అన్నాను. ఇద్దరం కలిసి నర్సు తప్పు చేసిందని తేల్చుకున్నాం. మరునాడు నేనే ఫోన్ చేశాను. తప్పు మాదే అని తెలిసింది.

గట్టి కణితుల మీద జరిగే ట్రయల్స్‌లో ఎక్కువ చోట్ల రెసిస్ట్ అనే నియమాలు వాడతారు. ఇవి 2000లో వచ్చాయి, 2009లో సవరించారు. మామూలు కణితిని పొడుగువైపు కొలుస్తారు. సీటీ స్కాన్‌లో అది కనీసం 10 మిల్లీమీటర్లు ఉంటేనే కొలతకు వస్తుంది. ఎందుకు 10? సీటీ స్కాన్ మన ఒంటిని రొట్టె ముక్కల్లా వరసగా కోసినట్టు చూపిస్తుంది. ఒక్కో ముక్క మందం 5 మిల్లీమీటర్లు అనుకోండి. రొట్టెలో చిన్న ఎండుద్రాక్ష ఒకటి ఉంటే అది ఒక్క ముక్కలోనే పడవచ్చు, లేదా రెండు ముక్కల మధ్య సగం సగం పడవచ్చు. అప్పుడు దాని అసలు సైజు ఎలా చెప్తాం? అందుకే ముక్క మందానికి కనీసం రెండింతలు ఉండాలి అన్నారు.

గ్రంథికి మాత్రం వేరే నియమం. కణితి ఒంట్లో ఉండవలసింది కాదు. లింఫ్ గ్రంథులు మీకూ నాకూ అందరికీ ఉంటాయి. మామూలు గ్రంథి చిక్కుడు గింజలా ఉంటుంది, కోలగా, సన్నగా. జబ్బు చేరితే గుండ్రంగా ఉబ్బుతుంది. అందుకని 2009 నియమాల్లో గ్రంథిని పొట్టివైపు, అంటే అడ్డంగా కొలవాలి అని పెట్టారు. పొట్టివైపు 10 కన్నా తక్కువైతే మామూలు గ్రంథి కింద లెక్క. 10 నుంచి 15 లోపు అయితే జబ్బు ఉన్నదని రాస్తారు, కానీ కొలతకు తీసుకోరు. 15 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే కొలతకు తీసుకుంటారు. పెద్దమ్మ బిళ్ళ పొట్టివైపు 13. అన్నయ్యా నేనూ పట్టుకున్న 22 పొడుగువైపు అంకె.

మరి ఊపిరితిత్తి చుట్టూ నీరు? అది కూడా జబ్బే. కానీ నీటికి అంచు ఉండదు. పడుకుంటే ఒక తీరు, కూర్చుంటే ఒక తీరు. సూదితో తీసేస్తే తగ్గుతుంది, మందు వల్ల కాదు. కనుక నీటిని కొలతకు తీసుకోరు.

అసలు ఇంత పట్టుదలగా కొలవడం దేనికి? లెక్క చేసి చూద్దాం. (నా గ్రేడ్ 7 పిల్లలు ఇక్కడ నవ్వుతారు. టీచర్ ఎక్కడికి వెళ్ళినా శాతాల దగ్గరికే వస్తుంది అంటారు.) ఒకరికి మూడు కణితులు ఉన్నాయి: 40, 35, 25. మొత్తం 100 మిల్లీమీటర్లు. ఇది మొదటి రోజు మొత్తం. ఎన్ని కణితులు ఉన్నా ఐదింటికి మించి కొలవరు, ఒక అవయవంలో రెండింటికి మించి తీసుకోరు. మందు వేసిన తరువాత మొత్తం 70కి గానీ అంతకన్నా కిందికి గానీ దిగితే, అంటే 30 శాతం తగ్గితే, మందు కొంత పనిచేసింది అంటారు. మొత్తం 60కి దిగి మళ్ళీ పెరిగిందనుకోండి. ఇప్పుడు 100తో పోల్చరు, అన్నిటికన్నా తక్కువ వచ్చిన 60తో పోలుస్తారు. దానికి 20 శాతం 12. అంటే 72కి చేరితే జబ్బు పెరిగింది అని రాస్తారు. ఆ పెరుగుదల కనీసం 5 మిల్లీమీటర్లైనా ఉండాలి. కొత్త కణితి కనిపిస్తే ఈ లెక్కలతో పని లేదు, పెరిగినట్టే. మొదటి రోజు కొలత సరిగ్గా లేకపోతే తరువాతి శాతాలన్నీ తప్పుతాయి.

ఇది విన్న తరువాత అన్నయ్య దారి మార్చాడు. "రెండు మిల్లీమీటర్లే కదా! చీమంత కూడా లేదు. 15 అని రాయమని అడుగుదాం" అన్నాడు.

నేను ముప్ఫై ఏళ్ళుగా ఈ మాట వింటున్నాను. "టీచర్, ఒక్క మార్కు." ఇవ్వనప్పుడు నిద్ర పట్టని రాత్రులు ఉన్నాయి. ఇచ్చినప్పుడు కూడా ఉన్నాయి. అన్నయ్యతో ఆ మాట అనలేదు. ఒక పాత ప్రయోగం గురించి చదివాను, అది చెప్పాను. 1976లో అమెరికాలో మోర్టెల్, హాన్లీ అనే ఇద్దరు దాన్ని ప్రచురించారు. వాళ్ళు 12 గట్టి బంతులను మెత్తని పరుపు మీద పెట్టి, పైన స్పాంజి రబ్బరు కప్పారు. అనుభవం ఉన్న 16 మంది క్యాన్సర్ డాక్టర్లను పిలిచి, చేత్తో తడిమి కొలవమన్నారు. కొన్ని బంతులు అచ్చంగా ఒకే సైజు. అయినా కొలతలు తేడాగా వచ్చాయి. ఒకే డాక్టరు కొలిచినా తేడా వచ్చింది. కనుక కొద్దిపాటి తగ్గుదలని నమ్మకూడదు, సగం తగ్గితేనే తగ్గినట్టు అని ఆ రోజుల్లో అనుకున్నారు. అప్పుడు పొడుగునీ అడ్డాన్నీ గుణించేవారు. ఇప్పుడు ఒక్క వైపే కొలుస్తారు కనుక 30 శాతం చాలు. గుణించి చూడండి: 0.7 ఇంటూ 0.7 అంటే 0.49. దాదాపు సగం.

పెద్దమ్మ వంటింట్లోంచి ఇదంతా వింటోందని మాకు తెలియదు. బయటికి వచ్చి, "దీనికి పదహారు మంది డాక్టర్లు దేనికి? ఫ్యాక్టరీలో నన్ను అడిగితే చెప్పేదాన్ని" అంది. "టేపు బిగించి లాగితే అర అంగుళం పోతుంది. వదులుగా పడితే అర అంగుళం వస్తుంది. ఒకే నడుము, ఇద్దరు కొలిస్తే రెండు."

అన్నయ్య ఇంకా కోపంగానే ఉన్నాడు. "మన ముత్తాతని కూడా ఇలాగే కొలిచి ఓడ ఎక్కించారు" అన్నాడు. అది నిజమే. నాటాల్‌కి వచ్చిన ఓడల జాబితాల్లో మనవాళ్ళ పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు రాసి ఉంటాయి. మా ఇంటి కాగితంలో ఎడమ చెంప మీద మచ్చ అని ఉంది. ఆ మచ్చ తప్ప ఆయన ముఖం గురించి మాకు ఏమీ తెలియదు. ఆయన్ని కొలిచింది పనికి. మధ్యలో మానేసి పోయే దారి ఆయనకి లేదు. ట్రయల్‌లో సంతకం పెట్టే ముందు అంతా చదివి చెప్పాలి, అడిగినవాటికి జవాబు ఇవ్వాలి, చేరిన తరువాత కూడా ఎప్పుడైనా వద్దని వచ్చేయవచ్చు. ఈ తేడా నేను చెప్పాను. అన్నయ్య ఒప్పుకున్నాడని చెప్పను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పెద్దమ్మకి మాత్రం నేను ఒక మాట బాకీ ఉన్నాను. మరునాడు పొద్దున వెళ్ళి మళ్ళీ చెప్పాను: "జబ్బు ఉంది పెద్దమ్మా. లేదని వాళ్ళు అనలేదు. మందు పనిచేసిందో లేదో తెలియాలంటే ముందు ఒక కొలత కావాలి. నీ బిళ్ళ దానికి చాలినంత లావుగా లేదు." ఆమె కాసేపు ఆలోచించింది. "లావుగా లేకపోతే మంచిదే కదా మరి?" అంది. ఆ ముక్క నిన్ననే చెప్తే నీ సొమ్మేం పోయేది అని కూడా అంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఫోన్ వస్తే అడగండి: ఏ గడ్డని కొలిచారు, ఏ వైపు కొలిచారు, ఎంత వచ్చింది? ఇంకో ట్రయల్ ఉందా అని కూడా అడగండి. అన్ని ట్రయల్స్‌లో కొలతకు వచ్చే కణితి ఉండి తీరాలని లేదు. మనుషులు ఎంత కాలం బతికారో, జబ్బు ఎంత కాలం పెరగకుండా ఉందో చూసే ట్రయల్స్ ఉన్నాయి. వాటిలో కొన్నిటికి ఈ నియమం అడ్డం రాదు. మేము అడిగినప్పుడు పెద్దమ్మకి సరిపోయేది దగ్గరలో ఏదీ లేదు. అందుకని మామూలు మందులే మొదలుపెట్టారు.

ఇంకో సంగతి, భాష గురించి. తెలుగులో కొలుచు అనే మాటకి రెండు అర్థాలు. ఒకటి కొలత తీయడం. రెండోది దేవుణ్ణి పూజించడం. నాకు ఇది నేర్పిన గుడి మాస్టారు గారు రెండూ ఒకటేనని వాదించేవారు. నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. కానీ మాట మాత్రం గుర్తుండిపోయింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏ అర్థంలో వాడతారో అడిగి రాయండి.

డిసెంబరులో మళ్ళీ స్కాన్ తీశారు. రిపోర్టు నేనే చదివాను.

"ఎంత?" అంది పెద్దమ్మ.

"11."

"పొట్టివైపేనా?"

"పొట్టివైపే."

"రెండే కదా తగ్గింది. టేపు తేడా కూడా కావచ్చు" అని, టీ పెట్టడానికి లేచింది.